మిషను చరిత్రలూ మనమూ

గోదావరి డెల్టాలోని క్రైస్తవాన్ని గురించి మన అభ్యుదయ రచయితలు రాసింది చాలా తక్కువ. రాసినచోట కూడా ఒక్క వాక్యంతో సరిపెట్టారు: మిషనరీ సామ్రాజ్యవాదానికి ముందు నడిచిన బంటు. మిషను చరిత్రకారులు రాసింది మాత్రం బోలెడంత వుంది. అందులోనూ పుటలు ఎన్ని వున్నా వాక్యం ఒకటే: చీకటిలో వున్న ప్రజలకు వెలుగు వచ్చింది. ఈ రెండు వాక్యాలూ ఒకదాన్నొకటి ఖండించుకుంటున్నట్టు కనిపిస్తాయి. కాని రెండింటిలోనూ కర్త విదేశీయుడే. మాలపేటా మాదిగపేటా కర్మస్థానంలో వుండిపోయాయి. తెలుగు పాఠం చెప్పుకు బతికేవాణ్ణి కనుక నాకు ముందు కనిపించింది ఈ కర్తా కర్మల సంగతే. అది వ్యాకరణంతో ఆగలేదు. కాలేజీ సీటు దాకా, పోలీసు స్టేషన్లో రాసుకునే కేసు దాకా వచ్చింది. అది ఎలా వచ్చిందో చెప్పటానికే ఈ వ్యాసం.

ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే దంతవైద్యుడు వృత్తి వదిలి మతప్రచారానికి దిగాడు. 1836లో ఇంగ్లండునుంచి కొందరిని వెంటబెట్టుకుని మద్రాసు వచ్చాడు. వారిలో డెవన్ ప్రాంతపు బార్న్‌స్టేపుల్ వాళ్ళు విలియం బౌడెన్, జార్జి బీర్, వాళ్ళ భార్యలు వున్నారు. కొద్దికాలానికే వీళ్ళు నర్సాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషను అని తర్వాత పేరుపడింది దీనికే. బౌడెన్ రాతిపనివాడు. బీర్ చెప్పులు కుట్టేవాడు. నెలనెలా జీతం పంపే మిషను సంఘమేదీ వాళ్ళ వెనక లేదు.

మిషను పుస్తకాలు ఈ సంగతిని దైవలీలకు సాక్ష్యంగా చెప్పి ముందుకు సాగిపోతాయి: ఎంత అల్పులను దేవుడు ఎంత పనికి వాడుకున్నాడో చూడండని. మనవాళ్ళు అసలు పట్టించుకోరు, తెల్లవాడు తెల్లవాడే. నాకు మాత్రం ఇక్కడ ఒక వర్గచరిత్ర దాగివుందనిపిస్తుంది. 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన శ్రీరాంపురం విలియం కేరీ కూడా వయసులో చెప్పులు కుట్టి బతికినవాడే. ఆ కాలపు ఇంగ్లండులో చేతిపనివాళ్ళు బడిలో కాదు, ప్రార్థనామందిరంలో అక్షరం నేర్చారు. ఇ.పి. థాంసన్ 1963లో ప్రచురించిన ఇంగ్లీషు కార్మికవర్గ చరిత్రలో మెథడిస్టు మతాన్ని జాలి లేకుండా విమర్శించాడు. ఫ్యాక్టరీ క్రమశిక్షణకు మనిషి మనసును అది ఎలా లొంగదీసిందో చూపాడు. ఆ పుస్తకంలోనే ఇంకోటి కూడా చూపాడు. చదవటం, నలుగురిలో లేచి మాట్లాడటం, చందాలు పోగుచేసి లెక్క రాయటం ప్రార్థనామందిరంలో నేర్చినవాళ్ళు ఆ విద్యను కార్మిక సంఘాల్లోకి తీసుకుపోయారు. అన్నట్టు, థాంసన్ తండ్రి బెంగాల్లోని బంకురాలో పనిచేసిన మెథడిస్టు మిషనరీ. కొడుకు మతాన్ని లోపలినుంచి ఎరిగి విమర్శించాడు. మనలో చాలామందిమి గుమ్మం బయటనుంచే విమర్శిస్తున్నాం.

ఇక ఆనకట్ట. 1832-33 కరువును జనం డొక్కల కరువని చెప్పుకున్నారు. 1839లో కోరంగి తీరాన్ని తుఫాను ముంచింది. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఆర్థర్ కాటన్ ప్రతిపాదనకు 1846లో అనుమతి వచ్చింది. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852లో పూర్తయింది. వేలాది కూలీలు నదిలోకి రాయి మోశారు. ఆ కూలీల మధ్యకే బౌడెన్ బోధించటానికి వెళ్ళాడు. డెల్టాలో మాలలు గుంపుగా సువార్త విన్న తొలి చోట్లలో ఆ పనిస్థలం ఒకటి.

మిషను పుస్తకం దీన్ని దేవుడు తెరిచిన ద్వారమంటుంది. సరే, ఆ ద్వారం ఎక్కడ తెరుచుకుందో గమనించండి. ఊళ్ళో తెరుచుకోలేదు. ఊళ్ళో మాలవాడు ఒక కాపు కింద పాలేరు. ఎవరి మాట వినాలో, ఎవరి ముందు ఎంత దూరంలో నిలబడాలో నిర్ణయమైపోయి వుంటుంది. ధవళేశ్వరంలో పది ఊళ్ళ మాలలు ఒకచోట చేరారు. కూలి నగదుగా చేతికి వచ్చింది. సాయంత్రం ఎవరి మాట వింటున్నారో చూసే కామందు అక్కడ లేడు. మతం మారటానికి ముందు మనిషి నిలబడే చోటు మారింది. ఇది నా ఊహ. కాని దైవప్రేరణ కంటే ఈ ఊహకు నేల ఎక్కువ వుందని నా నమ్మకం.

ఆనకట్ట పూర్తయిన మరుసటి సంవత్సరం, 1853 జూన్‌లో, మార్క్స్ న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో భారతదేశంలోని బ్రిటిషు పాలన గురించి రాస్తూ, నీటిపారుదల పనులను కంపెనీ పాడుపెట్టిందని దుయ్యబట్టాడు. 1854లో అచ్చయిన తన పుస్తకంలో కాటన్ చేసిన ఫిర్యాదు కూడా ఇంచుమించు అదే. ఒకడు భౌతికవాది, ఒకడు గాఢమైన క్రైస్తవ విశ్వాసి. నీటి విషయంలో ఇద్దరూ కంపెనీ మీద ఒకే నేరం మోపారు. కాటన్‌ను భగీరథుడని పొగిడిన సంస్కృత శ్లోకం డెల్టాలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆయన విగ్రహం లేని ఊరు వెతకాలి. నాకు దానిమీద కోపం లేదు. అన్నం పెట్టిన నీటికి ఎవరో ఒకరి పేరు పెట్టుకోవటం మానవ సహజం. కాని నీరు కాలువలోంచి బోదెలోకి, బోదెలోంచి చేనులోకి పోతుంది. చేను ఎవరిదైతే నీరు వారిది. రాయి మోసినవాడికి చేను లేదు కనుక అతనికి ఆనకట్ట ఇచ్చింది ఇంకొన్ని రోజుల కూలి: ఊడ్పులకు ఒకసారి, కోతలకు ఒకసారి. భూమి ఇవ్వటం కాటన్ చేతిలో లేదు, బౌడెన్ చేతిలో అంతకన్నా లేదు. మిషను ఇవ్వగలిగింది అక్షరం. అది ఇచ్చింది.

ఈ అక్షరం గురించి తెలుగు అధ్యాపకుడిగా నాకొక మాట వుంది. నర్సాపురం దగ్గర మా ఊళ్ళో మా నాయనమ్మకు చదువు చెప్పింది బైబిలు స్త్రీ. ఆమె బతికినన్నాళ్ళూ చదివింది ఒకే పుస్తకం. బైబిలు తెలుగులో కొన్ని మాటలకు పేట బయట ఎవరికీ తెలియని అర్థాలున్నాయి. “సమాధానం” అంటే ప్రశ్నకు జవాబు కాదు, శాంతి. “నిరీక్షణ” అంటే ఎదురుచూపు మాత్రమే కాదు, ఆశ. పశ్చాత్తాపం “మారుమనస్సు” అయింది; ఈ మాట ఎవరు కల్పించారోగాని మంచి తెలుగు మాట. హైదరాబాదులో చదువుకుంటున్న నాకు నాయనమ్మ పక్కింటి పిల్లచేత రాయించిన ఉత్తరంలో “ఇక్కడ అందరం సమాధానంగా వున్నాము” అని వుంటే, నా గదిలోని మిత్రుడు చదివి, ఎవరడిగారని ఈ సమాధానం అన్నాడు. అతనికి ఎం.ఏ.లో నాకంటే ఎక్కువ మార్కులు.

గిడుగు రామమూర్తి గ్రాంథికం మీద యుద్ధం చేశాడు. ఆ యుద్ధం న్యాయమైనదే. గ్రాంథికం సామాన్యుడికి గోడ అన్నాడాయన. కాని మా పేటలో ఆ గోడ ఎలా వుండేదో చూడండి. “చేయుచున్నాడు”, “పలికెను” అనే వాక్యాలను మా నాయనమ్మ కోతలనుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని కూడబలుక్కుని చదివేది. ఆ క్రియలతోనే ప్రార్థన చేసేది. పండితుల గద్యం పండితుల అనుమతి లేకుండా ఆమె నోటికి చేరింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తన తలమీద రాగం, తాళం పేర్లుంటాయి. పురుషోత్తమ చౌధరి వంటి 19వ శతాబ్ది కవులు కర్ణాటక రాగాలలో కట్టిన ఆ పాటలను కచేరీ గుమ్మం తొక్కనివ్వని జనం ఆదివారం ఆదివారం పాడారు. మన సాహిత్య చరిత్రల్లో ఈ పాటకులకూ చదువరులకూ చోటేది? ఆధునిక తెలుగు పాఠకవర్గం ఎలా పుట్టిందో చెప్పేటప్పుడు మనం పత్రికలనూ గ్రంథాలయాలనూ లెక్కపెడతాం. ఒకే పుస్తకం వున్న ఇళ్ళను లెక్కపెట్టం.

విద్యార్థులు మతం నల్లమందు అన్న మార్క్స్ మాటను జేబులో పెట్టుకు తిరుగుతారు. 1844లో అచ్చయిన ఆ వ్యాసంలో దాని ముందున్న మాటలు చదవమంటే కొద్దిమందే చదువుతారు. అక్కడ ఆయన మతాన్ని నిజమైన బాధకు వ్యక్తరూపంగానూ, ఆ బాధమీద నిరసనగానూ చూశాడు. ఎంగెల్స్ 1894లో తొలి క్రైస్తవులను తన కాలపు కార్మికోద్యమంతో పోల్చి రాశాడు. కౌట్‌స్కీ 1908లో క్రైస్తవం పుట్టుకమీద ఒక గ్రంథమే రాశాడు. ఇంత సంప్రదాయం చేతిలో వుండి కూడా పాలకొల్లు మాలపేట చర్చిని చూసినప్పుడు మనకు గుర్తుకొచ్చేది నల్లమందే అయితే, లోపం మార్క్స్‌ది కాదు.

ఐతే మిషను చరిత్రను నేను వెనకేసుకురావటం లేదు. దానిలో ఒక పెద్ద అబద్ధం వుంది. బాప్తిస్మంతో కులం పోయిందన్నది ఆ అబద్ధం. డెల్టా కుర్రవాళ్ళు పెద్ద చదువుకు ఒకప్పుడు పొరుగునున్న బందరు వెళ్ళేవారు. అక్కడ రాబర్ట్ నోబుల్ 1843లో పాఠశాల పెట్టాడు. నోబుల్ భక్తుడు, త్యాగశీలి, మంచి ఉపాధ్యాయుడు. ఆ పేరు నిలిచింది. ఆ పాఠశాలలో అంటరానివారికి ప్రవేశం లేదు. పైకులాలు మారితే కిందివాళ్ళు వాటంతట అవే మారతారని ఆయన లెక్క. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకుంటే తల్లిదండ్రులు పిల్లల్ని మానిపించారు, పాఠశాల ఖాళీ అయింది. అదే 1852లో ధవళేశ్వరంలో ఆనకట్ట పూర్తయింది. నేను చదివిన పుస్తకాల్లో బందరు విద్యార్థులిద్దరికీ పేర్లున్నాయి, మనసులో పడిన సంఘర్షణ వుంది. ధవళేశ్వరం మాలలకు అంకెలున్నాయి. 1850లో మద్రాసులో మిషనరీలు సమావేశమై సంఘంలో కులం పనికిరాదని తీర్మానం చేశారు. సంఘంలో కులం లేకపోతే ఆ తీర్మానం ఎందుకు చేయవలసి వచ్చింది?

కులం పోయిందన్న ఈ మిషను గర్వాన్ని తర్వాత రాజ్యం అందుకుంది. 1950 ఆగస్టులో వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరాలో ఈ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవంలో కులం లేదు కదా అన్నది చెప్పే కారణం. 1985లో సూసై అనే చెప్పులు కుట్టే అతని కేసులో సుప్రీంకోర్టు ఏమన్నదంటే, మతం మారాక కూడా అవే అనర్హతలు అంత తీవ్రంగానూ కొనసాగుతున్నాయని రుజువు చూపాలన్నది. రుజువు! ఆ రుజువు ఎక్కడ వుండాలి? చరిత్రలో వుండాలి. ఆ చరిత్ర రాసినవాళ్ళు, మా సంఘంలో కులం లేదు, మేము వాళ్ళను ఎత్తి నిలబెట్టామని వంద సంవత్సరాలు విరాళాలిచ్చేవారికి నివేదికలు రాశారు. అవతల మనం, అదంతా విదేశీ వ్యవహారమని పక్కకు తిరిగాం. తాత తరంలో ఒకరి గర్వం, ఇంకొకరి అలక్ష్యం కలిసి మనుమడి చేతిలో సర్టిఫికెట్టు అయింది.

ఆంధ్రలో మాలమాదిగలు మతం మారినట్టు కాగితం మీద ఒప్పుకుంటే వెనుకబడిన తరగతుల్లో సి గుంపు. వాటా 1 శాతం. ఒప్పుకోకపోతే షెడ్యూల్డు కులం. వాటా 15 శాతం. అందుకే డెల్టాలో ఎన్నో ఇళ్ళలో మనిషికి రెండు పేర్లు. మా నాయనమ్మకు చర్చి పుస్తకంలో బైబిలు పేరు, రేషను కార్డులో గ్రామదేవత పేరు. రెండో పేరుతో ఆమెను ఇంట్లో ఎవరూ పిలిచి ఎరగం. ఓట్లనాడు మాత్రం ఆ పేరుకు పలికేది. రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మత నిబంధనను తీసివేయాలని 2007లో సిఫారసు చేసింది. 2022లో కేంద్రం ఇదే ప్రశ్నమీద బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాల్లో చేర్చమని తీర్మానించింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవుడైన పాస్టరు అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరజాలడన్నది. కులం పేరుతో తిట్టేవాడు ముందు మతం అడిగి తిట్టడు. ఈ సంగతి మా పేటలో ఏ పిల్లవాడైనా చెబుతాడు.

ఈ దృష్టితో చూస్తే జాషువాను తరగతిలో చెప్పటం కూడా మారుతుంది. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, యౌవనంలో రాజమండ్రి వచ్చి మూకీ సినిమాలకు కథ చదివి పొట్టపోసుకుని, తర్వాత గుంటూరు లూథరన్ శిక్షణాలయంలో పాఠం చెప్పిన కవి ఆయన. 1941 నాటి గబ్బిలంలో గుడిలోకి పోగలిగిన పక్షిచేత కాశీలోని శివుడికి సందేశం పంపించాడు. మన విమర్శకులు గబ్బిలాన్ని తలకెత్తుకున్నారు, అది న్యాయమే. 1964లో సాహిత్య అకాడెమీ బహుమానం పొందిన క్రీస్తు చరిత్ర దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. వృద్ధాప్యంలో భక్తి అని సర్దిచెబుతారు. చర్చి సంగతి తిరగేసి చూడండి: క్రీస్తు చరిత్ర తమది, శివుడికి మొర ఎందుకు పెట్టాడో అర్థం కాదు. క్రైస్తవుడైనా అంటరానితనం పోలేదు కనుకే ఆ మొర శివుడికి చేరవలసి వచ్చింది. గుడి తలుపు మూసింది శివుడి ఊళ్ళో కదా. కోర్టు అడిగిన రుజువును జాషువా 1941లోనే పద్యాలలో దాఖలు చేశాడు. అది సాక్ష్యంగా చెల్లదు, పద్యం కనుక.

అసలు కర్తలు వేరే వున్నారు. రాజమండ్రి దగ్గర జేగురుపాడులో పుట్టిన ముంగమూరి దేవదాసు లూథరన్ మిషనులో పనిచేసి, దాన్ని వదిలి 1938లో బైబిలు మిషను స్థాపించాడు. ఆయన స్వప్నాలూ దర్శనాలూ నాకు మింగుడుపడవు. పడవలసిన అవసరమూ లేదు. కాని విదేశీ మిషను జీతమూ అజమాయిషీ వద్దని ఒక తెలుగువాడు సొంత సంఘం పెట్టి దాన్ని నిలబెట్టాడు. ఇది జాతీయోద్యమ కాలపు సంఘటన కాదా? మన చరిత్ర పుస్తకాల్లో ఎక్కడుంది? అదే రాజమండ్రిలో కుసుమ ధర్మన్న, చర్చి ప్రసక్తి లేకుండానే, 1921లో తెల్లదొరతనం పాటకు జవాబుగా నల్లదొరతనం వద్దని పాట కట్టాడు. ధర్మన్నను ఈ మధ్య గుర్తుచేసుకుంటున్నాం. సంతోషం. దేవదాసును క్రైస్తవులకు వదిలేశాం. ఒకరు మనవారూ ఒకరు కానివారూ ఎలా అయ్యారో నాకు బోధపడదు. ఇద్దరి ఎదుటా నిలబడింది ఒకే రకపు దొర.

కిందటి సంవత్సరం బి.ఏ. తరగతిలో మిషనరీలూ తెలుగు వచనమూ అనే పాఠం అయ్యాక ఒక అమ్మాయి లేచి, “సార్, వాళ్ళు మాకేం చేశారో చెప్పారు. మేమేం చేశామో పరీక్షలో రాయచ్చా?” అని అడిగింది. రాయమన్నాను. ఏ పుస్తకం చూసి రాయాలంది. ఆ పుస్తకం ఇంకా తయారు కావలసి వుంది.

అందుకే ఈ వేసవిలో పదకొండుమంది విద్యార్థులు పాలకొల్లు, నర్సాపురం, ధవళేశ్వరం చుట్టుపక్కల పేటలకు వెళుతున్నారు. అక్కడి ముసలివాళ్ళతో మాట్లాడి, పాస్టర్లు ఒప్పుకుంటే బాప్తిస్మపు పుస్తకాలు చూసి రాసుకు వస్తారు. మిషనరీ ఎప్పుడు వచ్చాడన్న ప్రశ్న వాళ్ళ కాగితంలో లేదు. అది అచ్చులో వుంది. మొదటి ప్రశ్న, మీ చర్చికి స్థలం ఎవరిచ్చారు, బదులుగా ఏమి అడిగారు. రెండోది, మీ ఇంట్లో మొదట చదవటం వచ్చింది ఎవరికి, ఆమె ఏ పనికి పోయేది. మూడోది, ఊరి క్రైస్తవులందరికీ సమాధులతోట ఒకటేనా, రెండా. నాలుగోది నేను చేర్చింది కాదు, ఆ అమ్మాయే చేర్చింది: శవాన్ని తీసుకుపోవటానికి పుంత వుందా, లేకపోతే ఎవరి చేనుగట్టు మీదుగా పోతారు, వరి ఈనిన నెలలో ఏం చేస్తారు.